నాటుకోడి అని చెప్తే సరిపోదు, కందనకాయ కోసి చూపించాలి

విజయనగరంలో గంటస్తంభం దగ్గర్నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక సందులో ఉంటుందీ కొట్టు. బోర్డు లేదు. ఆదివారం తొమ్మిది దాటి వెళ్తే ముప్పావుగంట నిలబడాలి, ఫోన్‌పే లేదు, రేటు బ్రాయిలర్‌కి రెట్టింపు పైమాటే. అయినా మూడు నెలల్నుంచి అక్కడికే పోతున్నాను, ఎందుకంటే ఆయన కందనకాయ మన కళ్లముందే కోస్తాడు.

అంతకుముందు ఇంకోచోట మోసపోయాను లెండి. పొట్టలో గుడ్లున్నాయి కదా, నాటుపెట్టే అనుకుని తెచ్చాను. తీరా అది గుడ్లు తగ్గిపోయి ఫారం వాళ్లు తీసేసిన లేయర్ కోడి. దానికీ గుడ్లుంటాయి కాబట్టి గుడ్లు చూసి నమ్మకండి. కోడికి పళ్లుండవు, తిన్న గింజ మెడ కింద సంచిలో నాని, కిందకి దిగి కందనకాయలో గులకరాళ్ల మధ్య నలుగుతుంది, అచ్చం తిరగలిలాగే. ఆ రాళ్లు కోడి వీధిలో తిరిగి ఏరుకుని మింగినవే. గూట్లో కూర్చోబెట్టి పొడి దాణా పెట్టిన కోడికి అవెక్కడివి? మొన్న నా పెట్టది కోస్తే వడ్ల పొట్టు, ఇసక, పెసరగింజంత రాళ్లు ఏడెనిమిది, వాటి మధ్య అంచులరిగి నున్నబడిన ఆకుపచ్చ గాజుముక్క ఒకటి. "సూసుకో బాబూ, ఊరంతా తిరిగిన కోడి" అని లోపలి పసుపుపచ్చ పొర గోటితో ఒక్క లాగు లాగి ఊడదీశాడు.

తొమ్మిదో తరగతి చదువుతున్న మా పాపని కూడా తీసుకెళ్లాను. ఆవగింజంత నుంచి నిమ్మకాయంత వరకూ వరసగా ఉన్న పచ్చసొనలు చూసి, రెండోపక్క లేవేంటి నాన్నా అంది. పెట్టకి ఎడంపక్క అండాశయమే ఎదుగుతుంది, కుడిది చిన్నప్పుడే ఆగిపోతుంది. ఒక్క గుడ్డు తయారవడానికి 25 గంటలు పడితే అందులో 20 గంటలు పెంకుకే పోతాయని చెప్తే, పాపం ఈ కోడికి రెస్టే లేదు అంది.

ఇక లోపాలు. ఊపిరితిత్తులు సరిగ్గా తియ్యడు. కోడివి మనవాటిలా ఉబ్బి తగ్గవు, గాలి ఆడించే పని విడిగా ఉండే గాలిసంచులు చూసుకుంటాయి, ఊపిరితిత్తులు మాత్రం పక్కటెముకల సందుల్లో అతుక్కుని ఉంటాయి, వేలు పెట్టి గీకాలి. రద్దీ ఉంటే గీకడు. తోక మొదట్లో నూనెగ్రంథి కూడా అడిగితేనే కోస్తాడు, అది ఉంటే పులుసంతా నీచు. ఒకసారైతే పిత్తం తిత్తి చితికి కార్జం చేదు విషమైపోయింది, కుక్క కూడా ముట్టలేదు.

కాల్చి పసుపు రాసి ఇస్తాడు, అది మాత్రం సూపర్. ఏడున్నరలోపు వెళ్లండి, చిల్లర, స్టీలు గిన్నె పట్టుకెళ్లండి. కార్జం ముక్కలు కొట్టొద్దని ముందే చెప్పండి.