శిల్పారామంలో స్టాలా, వాట్సాప్ జాబితానా?

పోచంపల్లి ఇక్కత్ చీరలు అమ్మే చిన్న వ్యాపారి హైదరాబాదు శిల్పారామంలో స్టాల్ పెడితే, నూలుకు ముడులు కట్టి రంగులో ముంచాకే మగ్గం ఎక్కిస్తారని, అందుకే పువ్వుల అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయని, మడత విప్పి చూపుతూ రోజంతా విసుగు లేకుండా చెప్పగలగాలి. బేరాన్ని నవ్వుతూ తట్టుకోవాలి. మాటకారికి అది పండగే కాని, మితభాషికి సాయంత్రానికల్లా తలనొప్పి. అటువంటివారికి వాట్సాప్ బిజినెస్ నయం. ఫొటో, ధర, నేత వివరం తీరిగ్గా రాసుకోవచ్చు, జవాబు ఆలోచించి ఇవ్వవచ్చు. అయితే ఒకే సందేశాన్ని ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా ఒక్కోదాంట్లో 256 మందికే చోటు; అందులోనూ మన నంబరును ఫోనులో దాచుకున్నవారికే సందేశం చేరుతుంది. చీరను తాకి చూసే వీలు లేనందున రంగు తేడా ఫిర్యాదులూ తప్పవు. నా మట్టుకు నేను రెండోదే ఎంచుకుంటాను, కాకపోతే జాబితాలో చేర్చుకునే తొలి కొనుగోలుదారుల నంబర్ల కోసం ఏడాదికి ఒక్కసారైనా స్టాల్‌లో నిలబడక తప్పదు.