క్యాంబర్ ప్లేట్లు, రెండు సర్దుబాట్ల షాక్ అబ్జార్బర్లు: ఒక సీజన్ వాడిన తరువాత

ఔత్సాహిక కారు పందేల్లో ఏ మార్పును ఏ తరగతిలో అనుమతించాలన్న చర్చ ఎక్కడ మొదలైనా, చివరికి సస్పెన్షన్ దగ్గరికే చేరుతుంది. ఇంజిను జోలికి పోకూడదన్న విషయంలో, కనీసం కింది తరగతుల్లో, ఎవరికీ పెద్దగా పేచీ ఉండదు. మా క్లబ్బులోనూ అదే జరిగింది. షోరూం కారుకు దగ్గరగా ఉండవలసిన మా తరగతిలోకి క్యాంబర్ ప్లేట్లను (ముందు చక్రాల వాలును మార్చుకునే పలకలు), రెండు సర్దుబాట్లున్న షాక్ అబ్జార్బర్లను రానివ్వాలా వద్దా అని సభ్యులు రెండుగా చీలిపోయారు. దాంతో నియమాల సంఘం అనుమతి తీసుకుని, నా ఫలితాలు పాయింట్ల లెక్కలోకి రాకుండా, ఈ రెండింటినీ నా చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు బిగించి ఒక సీజన్ నడిపాను. మొదటి మూడు పోటీలు ప్లేట్లతో మాత్రమే, తరువాతి మూడు షాకులు కూడా చేర్చి. కంపెనీల పేర్లు రాయడం లేదు. వివాదం ఫలానా కంపెనీ సరుకు గురించి కాదు, ఆ రకం వస్తువు గురించి. ధరల తేడా మాత్రం ముందే చెప్పాలి: నాలుగు షాకులకు పెట్టిన ఖర్చులో ఆరో వంతుకే ప్లేట్ల జత వచ్చింది.

ముందుగా ప్లేట్ల సంగతి. కారుకు ఎదురుగా నిలబడి చూస్తే చక్రం నిలువుగా ఉందా, పైభాగం లోపలికో బయటికో వాలిందా అన్నది క్యాంబర్; లోపలికి వాలితే నెగటివ్. మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసిన ఒకే నిలువు కాలు, పై చెయ్యి ఉండదు) మీద నిలిచే కార్లకు ఇందులో పుట్టుకతో వచ్చిన లోపం ఒకటి ఉంది. మలుపులో కారు బయటివైపుకు ఒరిగినప్పుడు, బరువంతా మోస్తున్న బయటి చక్రం కూడా చాలావరకు దానితో పాటే ఒరిగి, టైరు తన వెడల్పంతా రోడ్డుకు ఆనించకుండా బయటి అంచు మీద నిలబడుతుంది. డబుల్ విష్‌బోన్ ఉన్న కారులో పై చెయ్యి, కింది చెయ్యి పొడవుల్లోని తేడా వల్ల చక్రం పైకి లేచేకొద్దీ నెగటివ్ క్యాంబర్ తనంతట తానే పెరుగుతూ ఆ ఒరుగును కొంత సరిచేస్తుంది. 1989లో వచ్చిన మాజ్దా మియాటా ఔత్సాహిక పందేలకు అంతగా అతకడానికి ఒక కారణం ఇదే: నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్, దానికి తోడు కోణాన్ని మార్చుకునే బోల్టులు కంపెనీ నుంచే వచ్చాయి. కాబట్టి "ఎవరూ ఏమీ మార్చకూడదు" అన్న నియమం పైకి కనిపించినంత నిష్పాక్షికమైనది కాదు. కంపెనీ ఇచ్చిన సర్దుబాటు ఉన్నవాడు హాయిగా వాడుకుంటాడు, లేనివాడు అంచులు అరిగిన టైర్లు మార్చుకుంటూ కూర్చుంటాడు. మా చర్చలో ఈ మాట చాలా ఆలస్యంగా వచ్చింది.

వస్తువు చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. స్ట్రట్ తల బాడీకి బిగిసే చోట, కంపెనీ ఇచ్చిన రబ్బరు మౌంటుకు బదులుగా, పొడుగాటి చీలికలున్న అల్యూమినియం పలక, దాని మధ్యలో ఉక్కు గోళాకార బేరింగు. నాలుగు బోల్టులు వదులు చేసి స్ట్రట్ తలను లోపలికి జరిపితే నెగటివ్ క్యాంబర్ పెరుగుతుంది. పలక మీద చెక్కిన గీతలు ఎంత జరిపామో చూపుతాయి. నా కారుకు మొదట అర డిగ్రీ మాత్రమే ఉండేది, ప్లేట్లతో రెండు ముప్పావు వరకు తేగలిగాను. ఆ గీతలను పూర్తిగా నమ్మకూడదు. రెండు వైపులా ఒకే గీత దగ్గర బిగించినా కోణమాని పెట్టి చూస్తే కుడి చక్రానికి, ఎడమ చక్రానికి మధ్య పావు డిగ్రీ తేడా వచ్చింది. తప్పు పలకది కాదు, ఎప్పుడో దేనికో తగిలి కొద్దిగా వంగిన నా కారుది. బిగించడానికి స్ప్రింగ్ కంప్రెసర్ తప్పనిసరి. దానితో అలవాటు లేనివారు మెకానిక్‌కు అప్పగించడమే మంచిది, ఎందుకంటే నొక్కి ఉంచిన స్ప్రింగు జారితే ముఖం పగులుతుంది. క్యాంబర్ మార్చిన ప్రతిసారీ టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన కోణం) కూడా మారుతుంది కాబట్టి అలైన్‌మెంట్ మళ్ళీ చేయించక తప్పదు.

తేడా మొదటి పోటీలోనే తెలిసింది. పిట్లోకి వచ్చిన వెంటనే టైరు మీద మూడు చోట్ల సూది థర్మామీటరు గుచ్చి చూడటం నా అలవాటు. పాత అమరికలో బయటి అంచు లోపలి అంచు కంటే దాదాపు ఇరవై డిగ్రీలు వేడిగా ఉండేది. రెండు ముప్పావు దగ్గర మూడు చోట్లా ఇంచుమించు సమానమైంది. ల్యాపుకు ముప్పావు సెకను తగ్గింది. అంతకంటే నాకు విలువైనది టైర్ల ఆయుష్షు: ఇదివరకు మూడు పోటీలకే బయటి అంచు గుండ్రంగా అరిగి, మధ్యలో గాడులు ఇంకా లోతుగా ఉండగానే టైరును పారేయవలసి వచ్చేది, ఈసారి అదే జత ఆరు పోటీలూ లాగింది. ప్లేట్ల ధర టైర్ల మీద మిగిలిన డబ్బులోనే తిరిగి వచ్చేసింది.

లోపాలూ ఉన్నాయి. రబ్బరు పోయి ఉక్కు వచ్చింది కాబట్టి గతుకు మీద టకటకమని చప్పుడు. ఇంటికి అదే కారులో వెళ్ళేవారికి ఇది చిన్న విషయం కాదు. బేరింగుకు దుమ్ము, నీరు తగలకుండా మూత ఇవ్వలేదు. రెండో పోటీ తరువాత చూస్తే ఎడమవైపు పలక ఒక మిల్లీమీటరు జారి ఉంది. అప్పటి నుంచి బోల్టు తలకూ పలకకూ కలిపి తెల్ల రంగుతో ఒక గీత గీస్తున్నాను, జారితే గీత విరిగి కనిపిస్తుంది.

ఇక షాకులు. వస్తువుగా వీటికి వంక పెట్టలేను. తయారీ శుభ్రంగా ఉంది, సీళ్ళు కారలేదు, కారు మలుపులోకి దిగే తీరు మారిపోయింది. ఒక మీట స్ప్రింగు నొక్కుకునే వేగాన్ని, రెండోది అది తిరిగి సాగే వేగాన్ని అదుపు చేస్తాయి. మొదటిదానికి 12 క్లిక్కులు, రెండోదానికి 16. అంటే ఒక్క షాకుకే 192 అమరికలు. ముందు జతను ఒకలా, వెనుక జతను మరోలా పెట్టుకోవచ్చు కాబట్టి మొత్తం 36,864. నేను లెక్క కట్టింది సరదాకే, కానీ షాకులు బిగించిన మొదటి పోటీలో నేను సరిగ్గా ఈ సముద్రంలోనే మునిగాను. ప్రతి సెషనుకూ ఏదో ఒకటి తిప్పుతూ, ఏది పనిచేసిందో ఏది చెడగొట్టిందో తెలియక, ప్లేట్లతో మాత్రమే నడిపినప్పటి కంటే నెమ్మదిగా ముగించాను. షాకులతో నడిపిన మూడో పోటీకి, అన్నిటినీ మధ్యలో పెట్టి ఒక్క వెనుక రీబౌండును (స్ప్రింగు తిరిగి సాగే వేగాన్ని) మాత్రమే మార్చడం నేర్చుకున్నాక, అర సెకను మెరుగైంది. అందులో షాకుల వాటా ఎంతో, ఆ ట్రాకు నాకు అలవాటు పడటం వల్ల వచ్చినది ఎంతో నిజాయితీగా విడదీయలేను.

అయితే నా అభ్యంతరం ధర ఒక్కదానికే కాదు. షాకులతో నడిపిన ఆ మూడో పోటీ ముందు తనిఖీలో జరిగిన చిన్న ముచ్చట ఒకటి చెబుతాను. మా తనిఖీదారు పెద్దాయన, వృత్తిరీత్యా మెకానిక్. ముందు చక్రాలకు కోణమాని ఆనించి, నిమిషం లోపలే రెండు అంకెలూ కాగితం మీద రాసుకున్నారు. తరువాత షాకు దగ్గర వంగి, మీటను అటూ ఇటూ రెండు క్లిక్కులు తిప్పి లేచారు.

"లోపల ఏముందో చూడరా అండీ?" అని అడిగాను.

"చూడాలంటే విప్పాలి బాబూ. విప్పితే నీ పోటీ పోతుంది. బయట మీటలు రెండే ఉన్నాయి, అంతవరకు నా బాధ్యత. లోపలిది నువ్వు చెప్పిందే నిజమనుకుంటాను."

ఆయన చెప్పిన దానిలో మొత్తం సమస్య ఉంది. షాకు పనితనాన్ని నిర్ణయించేవి పిస్టను మీద దొంతరగా పేర్చిన పలుచటి ఉక్కు బిళ్ళలు. వాటి మందాన్ని, వరుసను మార్చి మళ్ళీ మూసేస్తే బయట ఏ ఆనవాలూ ఉండదు. పట్టుకోవాలంటే షాకును ఊడదీసి డైనో అనే పరీక్ష యంత్రం మీద గ్రాఫ్ తీయాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. జీతం లేకుండా ఆదివారం ఉదయం వచ్చి నలభై కార్లు చూసే తనిఖీదారు ఎలా పట్టగలడు? పట్టలేని నియమం నిజాయితీపరుడికి మాత్రమే వర్తిస్తుంది.

ఈ కోణం నుంచి చూస్తే పేరున్న నియమావళులు కూడా వింతగా కనిపిస్తాయి. 1944లో ఏర్పడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా నడిపే, ఒక్కో కారు విడిగా గడియారంతో పోటీపడే సోలో పోటీల్లో, కంపెనీ రూపానికి అతి దగ్గరగా ఉండే స్ట్రీట్ తరగతుల సంగతే తీసుకోండి. అక్కడ షాకులు మార్చుకోవచ్చు, బయటి సర్దుబాట్లు రెండు వరకు ఉండవచ్చు. క్యాంబర్ ప్లేట్లు మాత్రం కుదరవు, అవి కావాలంటే పై మెట్టైన స్ట్రీట్ టూరింగ్‌కు వెళ్ళాలి. అంటే ఖరీదైనదీ, లోపల ఏముందో కనిపించనిదీ లోపలికి వచ్చింది. చవకైనదీ, నిమిషంలో కొలవగలిగినదీ గుమ్మం బయట ఆగింది. దీని వెనుక తర్కం లేకపోలేదు. షాకులు అరిగిపోయే వస్తువులు, పాత కార్లకు కంపెనీ విడిభాగాలు దొరకవు, కాబట్టి వేరేవి వేసుకోనివ్వాలి. ఒప్పుకోదగిన వాదనే. కానీ అరిగినదాన్ని మార్చుకోవడానికి సర్దుబాటు మీటలు ఎందుకు? సర్దుబాటు లేని మామూలు షాకు సరిపోతుంది కదా.

అదే సంస్థ టైర్ల విషయంలో చేసింది నాకు నచ్చుతుంది. 2014లో స్టాక్ తరగతులను స్ట్రీట్ అని పేరు మార్చినప్పుడు, కొద్ది పోటీలకే కరిగిపోయే రేసు టైర్లను తీసేసి, టైరు పక్క గోడ మీద అచ్చువేసిన ట్రెడ్‌వేర్ అంకెకు (ఎక్కువైతే టైరు నెమ్మదిగా అరుగుతుందని అర్థం) కనీస హద్దు పెట్టింది. ఆ తరువాత అది 200 అయింది. ఎవరైనా వంగి చదవగలిగే అంకె. చిక్కల్లా ఆ అంకెను టైరు తయారీదారే తన పరీక్షల ఆధారంగా వేసుకుంటాడు, అందువల్ల పేరుకు 200 అయినా రేసు టైరుకు దగ్గరగా పట్టు ఇచ్చేవి మార్కెట్లోకి వచ్చేశాయి. హద్దు ఎక్కడ పెడితే పోటీ అక్కడికే వచ్చి నిలుస్తుంది. 2006లో మొదలైన 24 అవర్స్ ఆఫ్ లెమన్స్ వాళ్ళు ఇంకో దారి పట్టారు: భద్రతా సామగ్రి కాకుండా కారు మొత్తం ఖర్చు 500 డాలర్లు దాటకూడదు, దాటిందని న్యాయనిర్ణేతలకు అనిపిస్తే ల్యాపులు కోస్తారు. వినోదానికి బాగుంటుంది, ఛాంపియన్‌షిప్ పాయింట్లు లెక్కపెట్టే చోట ఆ పద్ధతి నిలవదు.

అందరికీ ఒకే భాగాలు ఇచ్చేస్తే తగువే ఉండదని మా క్లబ్బులో కొందరు అంటారు. వాళ్ళు అదే అమెరికా క్లబ్బు జాతీయ ఛాంపియన్‌షిప్ పందేలైన రన్‌ఆఫ్స్‌లో 2014లో జరిగింది గుర్తు చేసుకోవాలి. స్ప్రింగులు, షాకులు, టైర్లు అన్నీ నిర్ణయించి ఇచ్చే స్పెక్ మియాటా తరగతిలోనే, రేసు తరువాత ఇంజిన్లు విప్పినప్పుడు సిలిండర్ హెడ్ దారుల్లో నియమం దాటిన పని బయటపడి, ముందు వరుసలో ముగించిన పలు కార్లను పక్కన పెట్టవలసి వచ్చింది. అన్నీ కట్టేసిన చోట చెయ్యి వెతుక్కుంటూ వెళ్ళింది కంటికి కనిపించని మూలకే. అదే తరగతిలో వేర్వేరు సంవత్సరాల ఇంజిన్లను సమం చేయడానికి వాడే, ఇంజినుకు వెళ్ళే గాలిని తగ్గించే రెస్ట్రిక్టర్ ప్లేటు మీద ఇంత గొడవ లేదు, ఎందుకంటే అది ఒక రంధ్రం, కొలిచే పనిముట్టు దూరిందా లేదా అన్నంతటితో తేలిపోతుంది.

క్యాంబర్ ప్లేట్ల మీద వచ్చే ఒక అభ్యంతరాన్ని మాత్రం నేను కొట్టిపారేయలేను. ఇవాళ ప్లేట్లు ఇస్తే రేపు సస్పెన్షన్ కీళ్ళ దగ్గరి రబ్బరు బుష్‌ల స్థానంలో గట్టివి అడుగుతారు, ఎల్లుండి స్ప్రింగులు అడుగుతారు, చివరికి ఇంటికి నడిపించుకుని వెళ్ళగలిగే కారు మిగలదు అని. నిజమే, అడుగుతారు. ఆ టకటక శబ్దం విన్న మా ఇంట్లోవాళ్ళు కూడా ఇదే మాట, ఇంతకంటే ఘాటుగా, అన్నారు. అందుకే నా ప్రతిపాదనలో ప్లేట్లతో పాటు హద్దు కూడా రాశాను: ముందు చక్రాలకు మాత్రమే, మూడు డిగ్రీలకు మించకుండా, తనిఖీదారు కోణమాని చూపిన అంకే తుది మాటగా, స్ట్రట్ తల దగ్గర తప్ప మరే ఇతర బుష్‌నూ ముట్టకుండా. షాకులకు వేరే వాక్యం: ఏ కంపెనీవైనా సరే, బయట సర్దుబాటు మీట ఉండకూడదు.

ఈ రెండో వాక్యం లోపలి బిళ్ళలను మార్చేవాడిని ఆపదని నాకూ తెలుసు. కానీ మీట లేనప్పుడు ప్రతి ప్రయోగానికీ అతను షాకును ఊడదీసి తెరవాలి. ట్రాకు పక్కన సెషనుకూ సెషనుకూ మధ్య అది సాధ్యం కాదు, ఒకసారి తప్పుగా పేర్చుకుంటే ఆ రోజంతా ఆ తప్పుతోనే తిరగాలి.

కొనాలా వద్దా అని అడిగేవారికి: మీ కారు స్ట్రట్ కారై, మీ తరగతి అనుమతిస్తే ప్లేట్లు వెంటనే కొనండి, మూత ఉన్న బేరింగు దొరికితే కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. షాకులు కొనాలనుకుంటే ముందు ఒక సీజన్ కంపెనీ షాకుల మీదే మీ ల్యాపుల మధ్య తేడా రెండు మూడు పదో వంతులకు తగ్గేదాకా నడపండి. ఆ నిలకడ లేకుండా క్లిక్కులు తిప్పితే ఏది కారుదో ఏది మీదో తెలియదు. నా నాలుగు షాకులూ ఇప్పుడు పెట్టెలో ఉన్నాయి, పై తరగతిలో నడిపే మిత్రుడు వచ్చే వారం చూసి వెళతానన్నాడు. ప్లేట్లు కారుకే ఉన్నాయి, తెల్ల గీత ఇంకా విరగలేదు.