కోరాపుట్ కొండమీది గుడి, పక్కనే మ్యూజియం

ఒడిశాలోని కోరాపుట్ జగన్నాథుడి గుడికి వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. ఆ ఆవరణలోనే ఉన్న గిరిజన మ్యూజియానికి కనీసం గంటన్నర ఉంచుకోండి. మా రాయగడ నుంచి వెళ్ళేవాళ్ళు చాలామంది దర్శనం అవ్వగానే దేవ్‌మాలి కొండకో, డుడుమ జలపాతానికో పరిగెడతారు. రెండుసార్లు నేనూ అంతే. మొన్న జనవరిలో అత్తయ్యని తీసుకెళ్ళినప్పుడే మొదటిసారి లోపలికి అడుగుపెట్టాను.

పొద్దున్నే రాయగడలో హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఘాట్ రోడ్డు మలుపులకి కడుపులో తిప్పేవాళ్ళకి బస్సుకన్నా రైలే నయం, పైగా కిటికీ పక్కన కూర్చుంటే కొండలూ సొరంగాలూ చూస్తూ టైమే తెలీదు. స్టేషన్ నుంచి గుడికి ఆటోలో వెళ్ళాం. మెట్లున్నాయి, మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్య ఆగి ఆగి ఎక్కింది.

ఈ గుడిని శబర శ్రీక్షేత్రం అంటారు. జగన్నాథుడు మొదట శబరులనే అడవి తెగ రాజు విశ్వావసు అడవిలో రహస్యంగా కొలిచిన నీలమాధవుడనీ, ఆ దేవుణ్ణి చూడ్డానికొచ్చిన బ్రాహ్మణుడు విద్యాపతిని కళ్ళకి గంతలు కట్టి తీసుకెళ్తే అతను దారి పొడుగునా ఆవాలు జల్లుకుంటూ వెళ్ళాడనీ మనం చిన్నప్పటి నుంచీ వింటున్న కథే. పూరీలో హిందువులు కానివాళ్ళని లోపలికి రానివ్వరు, ఇక్కడ అందరూ వెళ్ళొచ్చు. అది నాకు చాలా నచ్చింది. తోపులాట లేదు, కళ్ళారా చూసుకున్నాం.

ఆ కథలో శబరుల్లాంటి గిరిజనుల బతుకు తెలియాలంటే పక్కనే ఉన్న మ్యూజియంలోకి వెళ్ళాలి. గదబ తెగ ఆడవాళ్ళు చెట్టు నారతో నేసే కెరంగ్ బట్ట ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఎరుపు, నీలం, తెలుపు చారలు, దగ్గర్నుంచి చూస్తే గోనెపట్టా అంత మందం, నారపోగులు అక్కడక్కడా పైకి లేచి కనిపిస్తాయి. దాన్ని ఒంటికి చుట్టుకుని పొలం పనీ చేశారు, నాట్యమూ చేశారు. బోండా తెగ ఆడవాళ్ళు మెడకి వేసుకునే లోహపు కడియాలు, పూసల దండలు చూశాక అంత బరువుతో రోజంతా ఎలా ఉంటారా అనిపించింది. డొంగరియా కొంధు తెగవాళ్ళ శాలువా చూడగానే అత్తయ్య "ఇది మన చాటికోనా బుధవారం సంతలో చూసేదే కదరా!" అంది. కపడాగండ అంటారు దాన్ని, 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. సూదితో ఎరుపు, ఆకుపచ్చ, పసుపు దారాలు కుట్టి కొండల్ని త్రికోణాలుగా తీరుస్తారు. సంతలో వారం వారం పక్కనుంచే పోతున్నా నేను ఒక్కసారీ ఆగి చూడలేదు.

ఆనపకాయ బుర్ర దగ్గర అత్తయ్య మళ్ళీ ఆగిపోయింది. వాళ్ళమ్మ చోడి (రాగి) అంబలి దాంట్లోనే పోసుకుని పొలానికి వెళ్ళేదట, ఎండలో కూడా చల్లగా ఉండేదట. అక్కడున్న ఒక పెద్దాయన అది విని, బుర్రని ఎండబెట్టి గుజ్జు ఎలా తీస్తారో ఒడియాలో ఓపిగ్గా చెప్పాడు. మాటలు పూర్తిగా అర్థం కాకపోయినా ఇద్దరూ చేతులతో చూపించుకుంటూ పావుగంట మాట్లాడుకున్నారు.

బస విషయానికొస్తే, కోరాపుట్‌లో మేం దిగిన లాడ్జిలో ఫోన్‌లో చెప్పిన వేడినీళ్ళు పొద్దున ఆరింటికి ఒక్క బకెట్టే వచ్చాయి, దుప్పట్లు చెమ్మవాసన. జనవరి చలికి పెద్దవాళ్ళతో అది చాలా కష్టం. గది చూశాకే డబ్బు కట్టండి. రెండో రాత్రి దగ్గర్లోనే ఉన్న ఒడిశా జైపూర్‌లో (రాజస్థాన్‌ది కాదు) ఉన్నాం, అక్కడ గదులు నయం, నేతకి పేరున్న కోట్‌పాడ్ వెళ్ళడానికీ వీలు. ఆల్ అనే చెట్టు వేరుతో ఎర్రరంగు అద్దే అక్కడి నేతగాళ్ళ దగ్గర అత్తయ్య ఒక తువ్వాలు కొనుక్కుంది.