స్కేగెన్ ఇసుక మేటలు: అరగంట ఆపే బస్సు ఎక్కకండి

ఉత్తర డెన్మార్క్ ఇసుక దిబ్బలు చూపిస్తామనే ఒక్కరోజు టూర్లలో డబ్బు కంటే టైము దగ్గర ఎక్కువ మోసపోతాం. రోబియెర్ మీలె అనే పెద్ద ఇసుక దిబ్బ దగ్గర బస్సు అరగంట ఆపుతారు. ఎక్కడానికి పది నిమిషాలు, దిగడానికి పది, బూట్లు విప్పి ఇసుక దులుపుకోవడానికి మిగతా పది. "ఇంతేనా" అని మొహాలు వేలాడేసుకుని జనం మళ్ళీ సీట్లలో కూలబడతారు. పాపం, దిబ్బ తప్పేం లేదు. అసలు సరుకు దిబ్బ వెనకాల ఒకటి, సముద్రం కోసేసిన గట్టులో ఇంకొకటి ఉన్నాయి. ఆ రెంటికీ టూరు వాళ్ళ కాగితంలో చోటుండదు.

పోనీ టికెట్టు కోసమైనా టూరు పనికొస్తుందా అంటే, దిబ్బకి టికెట్టే లేదు. పార్కింగూ ఉచితమే. కారు లేనివాళ్ళు ఫ్రెడెరిక్స్‌హావ్న్ నుంచి డెన్మార్క్ ఉత్తరపు కొసన ఉన్న స్కేగెన్ ఊరికి పోయే రైల్లో హుల్సి స్టేషన్లో దిగి, సైకిలు మీదో నడిచో వెళ్ళొచ్చు.

రోబియెర్ మీలె సుమారు ఒక చదరపు కిలోమీటరు ఇసుక. సముద్రమట్టం నుంచి 40 మీటర్ల ఎత్తు. పడమటి గాలులకి ఏడాదికి 18 మీటర్ల దాకా ఈశాన్యంగా జరుగుతుంది. లెక్క వేస్తే రోజుకి అయిదు సెంటీమీటర్లు, కానీ రోజూ జరగదు, తుఫాను రోజుల్లో జరిగేదే ఎక్కువ. చుట్టుపక్కల దిబ్బలన్నిటికీ గడ్డి నాటి కట్టేశారు. దీన్ని మాత్రం, వదిలేస్తే దిబ్బ ఏం చేస్తుందో చూద్దామని ప్రభుత్వమే కొని వదిలేసింది. అందరూ శిఖరం మీద ఫొటో దిగి వెనక్కి మళ్ళుతారు. మీరు పడమర వైపు దిగండి. దిబ్బ దాటిపోయిన చోట నేల పల్లంగా, తడిగా ఉంటుంది. ఎందుకంటే గాలి పొడి ఇసుకనే ఎత్తగలదు. భూగర్భజలం తగిలేదాకా చెక్కుకుంటూ పోయి, తడి రాగానే ఆగిపోతుంది. అందుకే అక్కడ మడుగులు, వాటి చుట్టూ నాచు, గడ్డి. మడుగు అంచున అడుగు వేసేముందు కర్రతో పొడిచి చూసుకోవాలి, పాదం కూరుకుపోతుంది.

ఇక గట్టు. కాండెస్టెడర్నె అనే చోటు వైపు పడమటి తీరాన అలలు కోసిన గట్టు ముందు నిలబడితే వేల ఏళ్ళ మేటలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. అడుగున గులకరాళ్ళున్న ముతక ఇసుక. అది అలలు వేసిన మేట. మంచుయుగంలో నేలని కప్పిన మంచు పలక కరిగి బరువు తగ్గాక నేల పైకి లేచింది కాబట్టి ఒకప్పటి బీచి ఇప్పుడు నీటికి అందనంత ఎత్తులో ఉంది. దాని మీద నల్లటి పట్టీ, పీట్. పాత తడి పల్లాల్లో పెరిగిన మొక్కలు కుళ్ళీ కుళ్ళకుండా పేరుకున్నది. పైనున్న దిబ్బల బరువుకి నొక్కుకుపోయి చెక్కలా గట్టిపడింది. స్థానికులు మార్‌టోర్వ్ అంటారు. ఇసుక రాలిపోయినా ఇది రాలదు, గట్టులోంచి గుమ్మంలా ముందుకు పొడుచుకొస్తుంది. ముక్కలు విరిగి నల్ల ఇటుకల్లా బీచి మీద దొర్లుతుంటాయి. ఆ పట్టీ పైన లేత పసుపు ఇసుక, వెతికినా ఒక్క గులకరాయి దొరకదు. అదీ గాలి మేట.

చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూడండి. గింజలన్నీ ఇంచుమించు ఒకే సైజు, మిల్లీమీటరులో పదో వంతు నుంచి సగం దాకా. అంతకంటే పెద్దది గాలి మోయలేదు, అంతకంటే సన్నటి దుమ్ము ఎక్కడికో ఎగిరిపోతుంది.

చాలామంది ఇక్కడే పొరబడతారు. గాలి మేటలో పొరలు ఏటవాలుగా, 30 డిగ్రీలకి పైగా వాలి ఉంటాయని ఎక్కడో చదివి వస్తారు. గట్టు చూస్తే పొరలు బల్లపరుపుగా కనిపిస్తాయి, ఇది గాలి పని కాదేమో అనుకుంటారు. గట్టు ముఖం పడమరకి ఉంది, పొరలు గాలి పోయిన వైపు, అంటే తూర్పుకి వాలాయి. ఎదురుగా నిలబడితే వాలు ఎలా కనిపిస్తుంది? వాన నీరు గట్టుని అడ్డంగా కోసిన కాలువ మూలకి వెళ్ళి పక్క నుంచి చూడండి, వాలు తేలుతుంది.

చలిదేశపు దిబ్బకి ఇంకో గుర్తు ఉంది. చలికాలం గాలి మంచునీ ఇసుకనీ కలిపి పొరలుగా పేరుస్తుంది. ఎండకి మధ్యలో మంచు కరిగిపోగానే పై ఇసుక కుంగి గుంటలు, బీటలు, ముడతలు పడుతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో మంచు పడి కరిగిన వారం వెళ్తేనే ఇది దొరుకుతుంది.

గట్టు కోసమైతే వేసవి దండగ, పైనుంచి జారిన ఇసుక ముఖాన్ని కప్పేస్తుంది. తుఫాను వెళ్ళిన రెండు మూడు రోజులకి వెళ్తే కత్తితో కోసినట్టుంటుంది. అప్పుడే కూలే ప్రమాదం కూడా ఎక్కువ, కాబట్టి గట్టు ఎత్తుకి రెట్టింపు దూరంలో నిలబడి చూడాలి. పిల్లల్ని గట్టు అడుగున గుంతలు తవ్వనివ్వొద్దు. గాలి సెకనుకి పది మీటర్లు దాటిన రోజున ఇసుక మొహాన సూదుల్లా గుచ్చుతుంది, కెమెరా లెన్సు మార్చడం ఆ రోజుకి మర్చిపోవాలి.

స్కేగెన్ ఇసుకలో మునిగిన చర్చికి గంట చాలు. 1795లో మూసేశారు, తర్వాత గోడలు కూల్చేశారు, ఓడలకి గుర్తుగా బురుజు మిగిల్చారు. ఇసుకని కట్టి ఉంచే దిబ్బ గడ్డి పీకొద్దని 1539లోనే మూడవ క్రిస్టియన్ రాజు నిషేధం పెట్టాడని తెలిసి చూస్తే ఆ బురుజు ఇంకోలా కనిపిస్తుంది.

రుబియెర్ క్నూడె లైట్‌హౌస్‌కి మాత్రం ఒక పూట ఇవ్వండి, ఇదీ ఉచితమే. 60 మీటర్ల కొండ అంచున 23 మీటర్ల బురుజు, 1900లో వెలిగింది. కొండ ముఖం నుంచి గాలి ఎగదోసిన ఇసుక దీపానికే అడ్డంగా పెరిగి, ఓడలకి వెలుగు కనిపించక 1968లో ఆర్పేశారు. తర్వాత అదే ఇసుక గురించి అక్కడ మ్యూజియం పెడితే దాన్నీ ఇసుకే మూయించింది. సముద్రం అంచు దాకా వచ్చేసరికి 2019 అక్టోబరు 22న బురుజుని పట్టాల మీద 70 మీటర్లు వెనక్కి లాగారు. ఖర్చు 50 లక్షల క్రోనర్లు.

బస విషయానికొస్తే, అద్దెకిచ్చే వేసవి ఇళ్ళ ధర చూసి సంబరపడొద్దు. సీజన్లో శనివారం నుంచి శనివారం దాకానే ఇస్తారు. కరెంటు మీటరు చూసి విడిగా వసూలు చేస్తారు, దుప్పట్లు విడి, వెళ్ళేటప్పటి క్లీనింగ్ విడి. ఈ మూడూ కలిపి ఎంతో ముందే రాయించుకోకపోతే చివరిరోజు బిల్లు దగ్గర ఇంటిల్లిపాదీ మూతి ముడుచుకోవాలి. ఏడాది లెక్కలో జూలైలో వచ్చే 29వ వారం కోపెన్‌హేగెన్ డబ్బున్నవాళ్ళంతా స్కేగెన్‌లో దిగుతారు, అప్పుడు గది దొరికినా బేరం ఆడే పరిస్థితి ఉండదు. అక్టోబరులో 42వ వారం బడి సెలవులు. అది దాటాక గదులు ఖాళీ, గట్టూ తాజా.