పూతరేకుల కొట్టు, ఆత్రేయపురం: 4 స్టార్లు

ముందే చెప్తున్నా, ఈ రివ్యూలో సగం పూతరేకులు, సగం ఒక ఇంగ్లీషు మాట. లండన్ నుంచి మా మేనకోడలు సంక్రాంతికి వస్తే రావులపాలెం మీదుగా సరాసరి ఆత్రేయపురం తీసుకెళ్ళా. బెల్లం పూతరేకు ఒకటి నోట్లో ఉండగానే రెండోదానికి చెయ్యి చాపి "మావయ్యా, ఇవి భలే మోరిష్" అంది. నాకు మూరిష్ అని వినపడింది, అదే ఒకప్పుడు స్పెయిన్‌ని ఏలిన మూర్లు ఉన్నారు కదా వాళ్ళ వంటకం అనుకుంటోంది కాబోలని "కాదమ్మా ఇది మన గోదారోళ్ళదే, 2023లో ఇది ఇక్కడిదేనని జీఐ ట్యాగ్ కూడా వచ్చింది" అని క్లాసు పీకా. పగలబడి నవ్వింది.

సంగతేంటంటే మోర్‌కి రెడ్డిష్‌లో ఉండే ఇష్ తోక తగిలించారంతే. తింటుంటే ఇంకోటి లాగించాలనిపించేది అని. బ్రిటన్ వాళ్ళ వాడుక మాట, పాతదే, 1738లో వచ్చిన జొనాథన్ స్విఫ్ట్ పుస్తకంలో ఒకాయన టీ కాస్త మోరిష్‌గా ఉందంటాడు, ఇంకో కప్పు పొయ్యమ్మా అని అడగటానికి అదో మర్యాద. మనమైతే "చాలండి చాలండి" అంటూనే విస్తరి మీద చెయ్యి సగమే అడ్డం పెడతాం. ఎక్కువగా జంతికలు, జీడిపప్పు లాంటి చిరుతిళ్ళకే వాడతారంట. నాకు నచ్చిందేంటంటే తప్పంతా తిండి మీదకే తోసేస్తుంది, మన కక్కుర్తి ఊసే ఉండదు.

ఇక కొట్టు. వెనకాల బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, ఒకావిడ పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఇలా పరిచి అలా లాగుతుంటే కాగితం లాంటి పొర లేచొస్తోంది, పావుగంట అక్కడే నిలబడిపోయాం. బెల్లం, నెయ్యి వేసింది పక్కా మోరిష్. పంచదారది పర్లేదు. డ్రైఫ్రూట్‌ది ఒకటికే మొహం మొత్తింది, చాక్లెట్‌ది అడక్కండి.

ఒక స్టారు ఎందుకు కోశానంటే డబ్బా అడుగున రెండు నలిగిపోయి పొడి పొడి అయ్యాయి. కొట్టాయనకి ఫోన్ చేస్తే "ఆయ్, దారిలో కుదుపులకండి, అయినా పొడిలోనే రుచండి" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ పొడి కూడా స్పూనేసుకుని తినేశాం, మా ఆవిడకి మిగిలింది ఖాళీ డబ్బానే.