‘ఫెలోషిప్ గ్యారంటీ’ అని డబ్బు కట్టించుకునేవాళ్లతో జాగ్రత్త: చెన్నైలో ఉన్న మన రీసెర్చ్ స్కాలర్లకు

చెన్నైలో హిస్టరీ, తెలుగు, ఫిలాసఫీ లాంటి సబ్జెక్టుల్లో పీహెచ్‌డీ చేస్తున్న మనవాళ్లు ఈ పోస్టు కాస్త ఓపిగ్గా చదవండి. వడపళని వైపు ఒక కన్సల్టెన్సీ ‘ఫెలోషిప్ గ్యారంటీ ప్యాకేజీ’ అమ్ముతోంది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. నేను కట్టింది 18,000 రూపాయలు. డబ్బు సంగతి తర్వాత, మా గైడు పేరు మీద వాళ్లు చేసిన పని ముందు చెబుతాను.

విదేశీ ఫెలోషిప్ అప్లికేషన్లు నింపినవాళ్లకు తెలిసే ఉంటుంది. మన కోసం సిఫార్సు లేఖ రాసే ప్రొఫెసర్ల ఈమెయిల్ అందులో ఇస్తే, లింకు నేరుగా వాళ్లకే వెళ్తుంది. వాళ్లే లేఖ అప్‌లోడ్ చేస్తారు, మనకు కనిపించదు. ‘ఫారం నింపే పనంతా మాదే’ అని ఈ కన్సల్టెన్సీ అకౌంటు కూడా తన మెయిల్‌తోనే తెరిచింది. కొన్నాళ్లకు ‘మూడు లేఖలూ వచ్చేశాయి, టెన్షన్ పడకండి’ అని మెసేజ్ పెట్టారు. మా గైడు మేడమ్‌కు థ్యాంక్స్ చెబుదామని వెళ్తే, ‘నాకు ఏ లింకూ రాలేదే’ అన్నారావిడ.

ఆఫీసుకు వెళ్లి, పక్కన కూర్చుని అకౌంటు తెరిపించాను. మేడమ్ పేరు ఉంది, హోదా ఉంది. ఈమెయిల్ దగ్గర మాత్రం యూనివర్సిటీ మెయిల్ లేదు. ఆవిడ పేరూ ఇంటిపేరూ, మధ్యలో ఒక చుక్క, చివర నాలుగంకెలు, జీమెయిల్! మిగతా ఇద్దరి మెయిళ్లదీ ఇదే వరస. అడిగితే అక్కడున్నాయన తడుముకోకుండా, ‘మీ మేడమ్‌కి తీరికెక్కడిదమ్మా, మేమే రాసి పెట్టేశాం. అందరికీ ఇలాగే చేస్తాం’ అన్నాడు. ఆ ‘అందరికీ’లో మీలో ఎవరైనా ఉన్నారేమోనని ఈ పోస్టు. బయటపడితే దొంగ లేఖ పెట్టిన అభ్యర్థిగా మిగిలేది మన పేరే, ఆయనది కాదు. ఫైనల్ సబ్మిట్ ఇంకా నొక్కలేదు కాబట్టి బతికిపోయాను. ఆ అప్లికేషన్ వెనక్కి తీసుకున్నాను. జరిగింది వివరిస్తూ మేడమే ఫెలోషిప్ ఆఫీసుకు రాశారు.

ఇక ప్రపోజల్. నేను పని చేసేది ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయత్తుల మీద, అంటే ఊళ్ల స్థానిక చరిత్రల మీద, ముఖ్యంగా ఆయన దగ్గర పని చేసిన కావలి సోదరుల మీద. తెలుగు కైఫీయత్తులు ఈ ఊళ్లోనే, ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. లండన్ వెళ్లాల్సింది అక్కడి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇంగ్లీషు అనువాదాలూ ఉత్తరాలూ చూడటానికి. నేను రాసిచ్చిన నోట్సులో ఇదంతా ఉంది. వీళ్లు ‘దిద్ది’ ఇచ్చిన దాంట్లో తెలుగు కైఫీయత్తులు చదవడానికే లండన్‌లో ఆరు నెలలు కావాలట! ఇంటి పక్క బావి వదిలేసి నీళ్ల కోసం పొలిమేర దాటినట్టుంది. పైగా ఆ సోదరుల్లో 1803లోనే చనిపోయిన బొర్రయ్య చేత 1816లో కైఫీయత్తులు సేకరింపజేశారు. మూడో పేజీలో అయితే, ఒక పేరా నిండా మైసూరు సంస్థానం పన్నుల లెక్కలు. అది ఇంకెవరి ప్రపోజలో మరి. నాది ఇప్పుడు ఎవరి ఫైల్లో తిరుగుతోందో!

వీళ్ల మాటతీరు కూడా తెలుసుకోండి. ముందు తమిళంలో పలకరించి, మన ఊరు కనుక్కోగానే తెలుగులోకి దిగుతారు. ‘మన తెలుగు పిల్లలని డిస్కౌంటు’ అంటారు. బ్రోచర్‌లో గ్యారంటీ జాబితా పెద్దది. అందులో యూజీసీ జేఆర్‌ఎఫ్ కూడా ఉంది. నెలకు 37,000 ఇచ్చే ఆ ఫెలోషిప్ నెట్ పరీక్ష రాసి తెచ్చుకునేది. దానికి ప్రపోజలే అక్కర్లేదు, ఇక గ్యారంటీ దేనికి? సామాజిక శాస్త్రాల పరిశోధనకు నిధులిచ్చే ఐసీఎస్‌ఎస్‌ఆర్ డాక్టోరల్ ఫెలోషిప్‌కైతే దరఖాస్తు మన యూనివర్సిటీ ద్వారానే వెళ్లాలి, ఆ సంతకాలు ఏ ఏజెంటూ తేలేడు. అమెరికా వెళ్లడానికిచ్చే ఫుల్‌బ్రైట్‌కు అప్లికేషన్ ఫీజు లేదు. దాన్ని నడిపే సంస్థకు చెన్నైలోనే ఆఫీసు ఉంది, సందేహాలుంటే వాళ్లనే అడగొచ్చు. ‘ప్రాసెసింగ్ ఫీజు’ అని వీళ్లు రాసే లెక్క ఎవరికి చేరుతుందో మీరే ఊహించుకోండి. ఇంగ్లీషు బాగుండదేమోనన్న బెరుకుతోనే మనలో చాలామంది ఇలాంటి చోట్లకు వెళ్తాం. కళల మీద పరిశోధనకు నిధులిచ్చే బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ భారతీయ భాషల్లో రాసిన ప్రపోజళ్లు కూడా తీసుకుంటుంది. ఈ సంగతి ఏ ఏజెంటూ చెప్పడు, చెబితే వాళ్ల బేరం పోతుంది.

డబ్బు వెనక్కివ్వమంటే రసీదు మీద చిన్న అక్షరాల్లో ఉన్న ‘నాన్ రిఫండబుల్’ చూపించారు. ఆ ముక్క రాసుకున్నంత మాత్రాన మనం నోరు మూసుకోనక్కర్లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. బ్రోచర్, రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు దేన్నీ డిలీట్ చేయకండి. ‘గ్యారంటీ’ అని వాళ్ల నోటితో అన్న వాయిస్ మెసేజ్ ఉంటే మరీ మంచిది.

ఇప్పటికే ఇలాంటి చోట కట్టేసినవాళ్లు రిఫండ్ గొడవ కన్నా ముందు లాగిన్ అడిగి తీసుకోండి. సిఫార్సు లేఖలు రాసే రిఫరీల ఈమెయిళ్లు ఒక్కో అక్షరం సరిచూడండి. తేడా కనిపిస్తే సబ్మిట్ నొక్కనివ్వకండి, అదే రోజు మీ గైడుకు చెప్పండి.