యమహా పీ-45: మా విజయనగరం మేడ మీద ఏళ్ల తరబడి వాడాక

ఇంటికి పియానో కొన్నామని చెబితే మా ఊళ్లో మొదట అడిగేది "ఎన్ని రిథమ్స్ ఉన్నాయి?" అనే. ఒక్కటీ లేదు. యమహా పీ-45 అనే ఈ డిజిటల్ పియానోలో ఉన్నవి పదే పది శబ్దాలు: రెండు పియానోలు, రెండు ఎలక్ట్రిక్ పియానోలు, రెండు చర్చి ఆర్గన్లు, రెండు హార్ప్సికార్డులు, స్ట్రింగ్స్, వైబ్రాఫోన్. తబలా, తంబురా లేవు. స్క్రీన్, బ్లూటూత్ కూడా లేవు. ఇంతకన్నా తక్కువ డబ్బుకే వందల శబ్దాలు, తాళాలు ఉన్న కీబోర్డు వస్తుందని తెలిసే దీన్ని కొన్నాను. మళ్లీ కొనాల్సొచ్చినా ఈ రకందే కొంటాను.

కారణం దీని కీలు. మామూలు 61 కీల కీబోర్డులో కీ కింద ఉండేది స్ప్రింగే. ముట్టుకుంటే దిగిపోతుంది. దీనిలో ప్రతి కీకీ లోపల చిన్న సుత్తిలాంటి బరువు కట్టి ఉంటుంది. ఎడమవైపు మంద్ర స్వరాల దగ్గర బరువు ఎక్కువ, కుడికి వెళ్లేకొద్దీ తగ్గుతుంది. అసలు పియానోలోనూ అంతే. కీ దిగేటప్పుడు ఒకదాని తర్వాత ఒకటి రెండు కాంటాక్టులు తగులుతాయి. ఆ రెండింటికీ మధ్య పట్టిన సమయాన్ని బట్టి గట్టిగా కొట్టారా, మెల్లగా కొట్టారా అన్నది యంత్రానికి తెలుస్తుంది.

హార్మోనియంతో మొదలుపెట్టి కీబోర్డు మీదకి వచ్చినదాన్ని కాబట్టి నాకు వేళ్లతో శబ్దాన్ని పెంచడం, తగ్గించడం అనే అలవాటే లేదు. హార్మోనియంలో ఆ పని తిత్తిది, కీబోర్డులో వాల్యూమ్‌ది. ఈ పియానో మీద మొదటి నెలలన్నీ ఉంగరం వేలు, చిటికెన వేలు నొప్పులే. కుడిచేతి స్వరం పైకి వినిపిస్తూ ఎడమచేతి కార్డ్స్ (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) కిందనే ఉండాలంటే రెండు చేతుల్లో రెండు రకాల బరువు పెట్టాలి. అది తేలిక కీబోర్డు మీద ఎన్నేళ్లు వాయించినా వచ్చేది కాదు. డబ్బు పెట్టింది దీనికే. శబ్దాలు తర్వాత ఫోన్‌లోంచో ల్యాప్‌టాప్‌లోంచో యూఎస్‌బీ తీగతో తెచ్చుకోవచ్చు. కీల బరువు మాత్రం తర్వాత తగిలించుకునేది కాదు.

కొనేముందు వైజాగ్ వెళ్లి మూడు వాయించి చూశాను. రోలాండ్ ఎఫ్‌పీ-10 కీలు నిజానికి దీనికన్నా బాగున్నాయి, వేలికి ఏనుగు దంతంలాంటి గరుకుదనం తగులుతుంది. కానీ దాని ధర నా లెక్క దాటిపోయింది. క్యాసియో సీడీపీ-ఎస్100 సన్నగా, తేలిగ్గా ఉంది. పైగా ఆరు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. తరచూ కరెంటు పోయే ఊళ్లో ఉండేవాళ్లు దాన్ని తప్పక చూడాలి. మాకు ఇన్వర్టర్ ఉంది, డిజిటల్ పియానో తీసుకునే కరెంటు ఫ్యాన్ కన్నా తక్కువే కాబట్టి నాకు ఆ అవసరం పడలేదు.

తీగల పియానో ఎందుకు కాదని అడిగేవాళ్లూ ఉన్నారు. కొత్తదైతే లక్షల్లో మాట. రెండు వందలకు పైగా తీగలు, రెండు వందల కిలోలకు పైగా బరువు. మా మెట్ల మీదుగా ఎక్కదు. ఎక్కినా ఈ కోస్తా ఉక్కకి శ్రుతి నిలవదు, తీగలు సవరించే మనిషిని బయటి నుంచి రప్పించాలి. పీ-45 బరువు 11.5 కిలోలు. పండక్కి సున్నాలేసినప్పుడు నేనూ మా పాపా చెరో చివరా పట్టుకుని పక్క గదిలో పెట్టేస్తాం.

డబ్బు సంగతి. పియానో 40 వేలకు కాస్త తక్కువకే వచ్చింది. స్కూల్లో టీచర్లం వేసుకునే చీటీ పాడుకుని కట్టాను. వాయిదాల మీద ఇస్తామని షాపువాళ్లు చాలా బతిమాలారు గానీ లెక్క అడిగితే ప్రాసెసింగ్ ఫీజు అని ఒకటి, స్టాండు తప్పనిసరి అని ఇంకొకటి బయటికొచ్చాయి. మీ బడ్జెట్ 40 వేలైతే పియానోకి 32 వేలే ఉందనుకోండి. స్టాండు, స్టూలు, మంచి పెడల్ (తొక్కిపడితే స్వరం ఆగకుండా మోగుతుంది), హెడ్‌ఫోన్, దుమ్ము గుడ్డ అన్నీ కలిపి నాకు ఇంకో ఎనిమిది వేల దాకా అయింది. ఈ ధరలో పియానోతో పాటు ఇచ్చే పెడల్ చిన్న డబ్బాలాంటిది. ఏ కంపెనీదైనా నున్నటి టైల్స్ మీద జారుతుంది. స్టూలు దగ్గర పొదుపు చేయకండి, ఎత్తు సరిపోకపోతే మణికట్టు పోతుంది.

రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఎవరికీ వినపడదని అందరూ చెబుతారు. సగమే నిజం. స్వరం వినపడదు, కీల దెబ్బ నేల గుండా కిందికి దిగుతుంది. కింద వాటాలో ఉండే ఇంటి ఓనర్ పిన్నిగారు ఓ రోజు మెట్ల మీదే నిలబెట్టి అడిగారు: "ఏటమ్మా, రాత్రి పదైనా రోట్లో ఏటి దంచుతున్నావు?" స్టాండు కాళ్ల కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేశాక ఆ మాట మళ్లీ రాలేదు. హెడ్‌ఫోన్ రంధ్రం లావుపాటి 6.35 మిల్లీమీటర్లది. ఫోన్ హెడ్‌ఫోన్ పెట్టాలంటే చిన్న కన్వర్టర్ కావాలి. లైన్ అవుట్ లేదు. పెద్ద స్పీకర్‌కి కలపాలన్నా ఈ రంధ్రమే దిక్కు, అప్పుడు పియానో సొంత స్పీకర్లు మూగబోతాయి. ఆ స్పీకర్లు ఆరేసి వాట్లవి. గదికి చాలు, హాలు నిండా జనం ఉంటే చాలవు.

ఒకేసారి మోగగల స్వరాలు 64. పెడల్ తొక్కిపట్టి రెండు చేతులా పరుగెత్తిస్తే పాత స్వరాలు చప్పున ఆగిపోతాయి. సినిమా పాటలకీ, పియానో పరీక్షల మొదటి గ్రేడ్లకీ ఇది తెలియను కూడా తెలియదు.

ఇక మన సంగీతం. 1919లో మహారాజా సంగీత కళాశాల పెట్టిన ఊరు ఇది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ చెప్పారు, ఘంటసాల చదువుకున్నారు. ఇక్కడి చెవులకి గమకం (స్వరాన్ని ఊపుతూ, వంచుతూ పలికించడం) లేకపోతే పాట ఉప్పులేనట్టే. పియానోలో గమకం పలకదు, దీనికి స్వరాన్ని వంచే చక్రం కూడా లేదు. కీర్తన వాయించి మెప్పిద్దామనుకుంటే వయొలినో బొబ్బిలి వీణో కొనుక్కోవడం మేలు. మా పాప గాత్రం నేర్చుకుంటోంది. దానికి సరళీ స్వరాలు, అలంకారాలు పాడేటప్పుడు పక్కన ఆధారంగా మాత్రం పనికొస్తోంది. పాప శ్రుతి ఐదున్నర, అంటే జీ షార్ప్. ట్రాన్స్‌పోజ్ (అన్ని స్వరాలనీ ఒకేసారి పైకో కిందికో జరిపే సదుపాయం) నాలుగు మెట్లు కిందికి దించితే నేను వాయించే సీ కీ పాప షడ్జమం, అంటే 'స' అవుతుంది. లలిత గీతాలు, పాత సినిమా పాటలు కార్డ్స్‌తో వాయించడానికి ఇంతకన్నా హాయి లేదు.

సంరక్షణ పెద్దగా లేదు. వాడనప్పుడు గుడ్డ కప్పుతాను, ఉరిమితే ప్లగ్గు పీకేస్తాను. అక్టోబరులో తుపాను కబురు వినగానే కిటికీ దగ్గర నుంచి జరిపేస్తాను. హుద్‌హుద్, తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి మరి. డిజిటల్ పియానో ఏదైనా సరే కాంటాక్టుల్లో దుమ్ము చేరితే ఒక కీ ఉన్నట్టుండి అరిచినట్టు మోగుతుంది, లేదా అసలు మోగదు. విప్పి శుభ్రం చేయించాలి, మొత్తం పాడైపోయిందని కంగారు పడక్కర్లేదు.

2023లో దీని స్థానంలో పీ-145 వచ్చింది. అందులో కీల లోపలి యంత్రాంగం వేరు, కాబట్టి వాయించి చూడకుండా ఆర్డర్ పెట్టకండి. ఖర్చు తగ్గాలంటే పాత పీ-45 వెతకండి. పిల్లలు ఇంటర్‌కి వెళ్లాక అమ్మేసేవాళ్లు చాలామంది ఉంటారు. చూడ్డానికి వెళ్లినప్పుడు 88 కీలూ ఒక్కొక్కటే ముందు మెల్లగా, తర్వాత గట్టిగా నొక్కండి. పక్కనుంచి వంగి చూసి ఏ కీ అయినా కిందికి కుంగిందేమో గమనించండి. అడాప్టర్ 12 వోల్టులదేనా, దానితో వచ్చిందేనా అడగండి. బేరంలో స్టాండు కూడా కలిపి ఇమ్మనండి, పియానో వెళ్లిపోయాక వాళ్లకి దానితో పనుండదు.